నలభై ఎకరాల ఉత్తరాది అడవి: చలి తగ్గుతున్న కాలంలో దాన్ని ఎలా చూసుకోవాలి

ఎనిమిదేళ్ల కిందట మేం ముగ్గురు స్నేహితులం కలిసి మిన్నెసోటా ఉత్తరాన నలభై ఎకరాల అడవి కొన్నాం. మేముండేది మినియాపోలిస్ పక్కన. మినియాపోలిస్, సెయింట్ పాల్‌ను ఇక్కడివాళ్లూ జంట నగరాలనే అంటారు. అక్కణ్ణుంచి గ్రాండ్ రాపిడ్స్ దాకా మూడు గంటలకు పైగా డ్రైవ్, ఆ తర్వాత మట్టిరోడ్డు. నలభైయే ఎందుకంటే, ఇక్కడ భూమిని చదరపు మైలు సెక్షన్లుగా కొలిచి, ఒక్కో సెక్షన్‌ని పదహారు ముక్కలు చేశారు. ఒక్కో ముక్క నలభై ఎకరాలు. లాగర్లు (చెట్లు కొట్టి కలప తీసేవాళ్లు), కౌంటీ ఆఫీసువాళ్లు దాన్ని ‘ఫార్టీ’ అనే పిలుస్తారు.

మరుసటి వేసవిలో నాన్న వచ్చారు. వరి, మిర్చి తప్ప ఇంకో పంట పండించిన మనిషి కాదు. అడవంతా తిప్పి చూపించాం. రెడ్ పైన్ చెట్ల వరసలు, తెల్లటి బర్చ్ మానులు, కొంచెం ఎత్తులో మేపుల్ చెట్లు. మేం తలలెత్తి ఫొటోలు తీసుకుంటుంటే ఆయన మాత్రం కిందకే చూస్తూ నడిచారు. చివర్న, ‘పైన బాగానే ఉన్నాయిరా. కింద పిల్లలేవి?’ అన్నారు. చూస్తే నిజమే. యాభై ఏళ్ల చెట్ల కింద ఫెర్నులు, హేజెల్ పొదలు, రాలిన ఆకులు. మోకాలెత్తు చెట్టుపిల్ల కనపడలేదు.

ఆ తర్వాత చదివినదంతా, ఫారెస్టర్లు (అడవి పెంపకం చదివిన నిపుణులు) చెప్పినదంతా చివరికి ఆ ప్రశ్న దగ్గరికే వచ్చింది. పైనున్న చెట్లు పాత వాతావరణంలో మొలిచాయి. రాబోయే వాతావరణానికి సరిపోయేవి కింద మొలుస్తున్నాయా లేదా, మొలిచినవి బతుకుతున్నాయా లేదా అన్నదే అసలు పని. మన వాళ్లలో ఈమధ్య ఉత్తరాన క్యాబిన్ కోసమని స్థలాలు కొనేవాళ్లు పెరిగారు. వాళ్ల కోసం ఇది రాస్తున్నాను. విస్కాన్సిన్ ఉత్తర భాగానికీ, మిషిగన్ ఎగువ ద్వీపకల్పానికీ ఇందులో చాలా మటుకు పనికొస్తుంది.

1. మొదటి ఏడాది ఏమీ నరకొద్దు, నడవండి

కొన్న వారంలోనే రంపం కొనేవాళ్లని చూశాను. ఆగండి. నాలుగు కాలాల్లోనూ ఒక్కసారైనా నడవాలి. ఏప్రిల్‌లో నీళ్లు ఎక్కడ నిలుస్తాయి, జులైలో ఏ దిబ్బ మీద గడ్డి ముందు ఎండుతుంది, జనవరిలో జింకల దారులు ఎటు పోతున్నాయి, ఇవన్నీ ఏ మ్యాపులోనూ ఉండవు. నేల సంగతి మాత్రం మ్యాపులో ఉంటుంది. కేంద్ర వ్యవసాయ శాఖవాళ్ల వెబ్ సాయిల్ సర్వేలో మీ స్థలం గీస్తే ఇసుక నేల ఎక్కడో, బంకమట్టి ఎక్కడో, ఊబి ఎక్కడో ఉచితంగా చూపిస్తుంది.

అలా నడిచాక నలభై ఎకరాలను ఒకే అడవిగా చూడటం మానేస్తారు. మాది నాలుగు ముక్కలుగా తేలింది: ఇసుక మీద 1970లలో వరసల్లో నాటిన రెడ్ పైన్ తొమ్మిది ఎకరాలు, ఆస్పెన్, పేపర్ బర్చ్, బాల్సం ఫర్ కలిసిన పద్నాలుగు ఎకరాలు, మిట్ట మీద షుగర్ మేపుల్, బాస్‌వుడ్ పది ఎకరాలు, బ్లాక్ యాష్, టామరాక్ ఉన్న తడి నేల ఏడు ఎకరాలు. ఇక మీదట ప్రతి నిర్ణయం ముక్క ముక్కకీ వేరుగానే తీసుకోవాలి.

నడిచేటప్పుడే పిల్లల లెక్క తీయండి. మూడడుగుల తొమ్మిది అంగుళాల తాడు తీసుకుని, ఒక కొస నేలలో దిగ్గొట్టిన పుల్లకి కట్టి గుండ్రంగా తిప్పితే ఆ వలయం దాదాపు ఎకరంలో వెయ్యో వంతు. అందులో ఒక చెట్టుపిల్ల ఉంటే ఎకరానికి వెయ్యి ఉన్నట్టు లెక్క. ఒక్క వలయాన్ని నమ్మొద్దు. మేం నలభై ఎకరాల్లో ఇరవై చోట్ల వేసి, పుల్లలకి గులాబీరంగు రిబ్బన్లు కట్టాం. మొదటిసారి ఇరవైలో పంతొమ్మిది ఖాళీ.

2. వాతావరణం ఎటు పోతోందో మీ చెట్ల వైపు నుంచి చూడండి

1895 నుంచి 2020 మధ్య మిన్నెసోటా సగటున మూడు డిగ్రీల ఫారన్‌హీట్ వేడెక్కింది. ఇక్కడ గమనించాల్సింది ఎండాకాలపు మధ్యాహ్నాలను కాదు. ఎక్కువగా మారింది చలికాలం, అందులోనూ రాత్రుళ్లు. వాన పెరిగింది గానీ కుండపోతగా పడుతోంది. మధ్యలో 2021, 2023 లాంటి కరువులు వస్తున్నాయి. 2023–24 చలికాలమైతే రికార్డుల్లోనే అన్నిటికన్నా వెచ్చనిది. ఆ ఏడాది మా ఊబి సరిగ్గా గడ్డకట్టనే లేదు.

ఉత్తరాది అడవి రెండు లోకాల సరిహద్దు. కెనడా నుంచి దిగొచ్చిన స్ప్రూస్, ఫర్, బర్చ్, ఆస్పెన్‌లకు ఇది దక్షిణపు చివర. మేపుల్, ఓక్, బాస్‌వుడ్‌లలో చాలావాటికి ఇది ఉత్తరపు చివరకు దగ్గర. వేడెక్కుతుంటే మొదటి జట్టుకి ఊపిరాడదు, రెండో జట్టుకి చోటు దొరుకుతుంది. అయితే చెట్టుకి కాళ్లు లేవు. దాని విత్తనం ఏడాదికి ఎంత దూరం పోగలదో, వాతావరణం అంతకన్నా వేగంగా జరుగుతోంది.

ఏ జాతి భవిష్యత్తు ఎలా ఉండబోతోందో అమెరికా అటవీ శాఖవారి క్లైమేట్ చేంజ్ ట్రీ అట్లాస్‌లో చూసుకోవచ్చు. మిషిగన్‌లోని హౌటన్‌లో ఉన్న నయాక్స్ (NIACS) అనే సంస్థ భూయజమానుల కోసం అడాప్టేషన్ వర్క్‌బుక్ తయారుచేసింది. అదీ ఉచితమే. మీ లక్ష్యాలు, మీ నేల, మీ చెట్లు నింపుకుంటూ పోతే ప్రశ్నలు అదే అడుగుతుంది. రెండు సాయంత్రాలు పడుతుంది. చేయండి.

3. ఒక్కో ముక్కకీ మూడిట్లో ఒకటి ఎంచుకోండి

ఉన్నదాన్ని ఉన్నట్టు నిలబెట్టడం ఒక దారి. దెబ్బ తిన్నా తేరుకునేలా బలం ఇవ్వడం రెండోది. కొత్త వాతావరణానికి సరిపోయే అడవిగా చేతులారా మార్చడం మూడోది. ఈ మూడూ పక్కపక్కనే ఎలా ఉంటాయో కళ్లారా చూడాలంటే మాకు దగ్గర్లోనే చిప్పెవా జాతీయ అడవిలో కట్‌ఫుట్ ప్రయోగ అడవి ఉంది. అక్కడి రెడ్ పైన్‌లో ఒక భాగాన్ని మామూలుగా పలచన చేశారు. ఇంకో భాగంలో కొన్నిచోట్ల గుబురుగా, కొన్నిచోట్ల పలచగా వదిలారు. మూడో భాగంలో పెద్ద సందులు చేసి బర్ ఓక్, రెడ్ ఓక్, బిటర్‌నట్ హికరీ, బ్లాక్ చెర్రీ, చివరికి పడమటి కొండల పాండెరోసా పైన్ కూడా నాటారు. ఏమీ చేయకుండా వదిలిన భాగం కూడా ఉంది. అది లేకపోతే మిగతావాటిని దేనితో పోలుస్తారు?

మేం రెడ్ పైన్‌కి రెండో దారి, బర్చ్, ఫర్ ఉన్న ముక్కకి మూడో దారి ఎంచుకున్నాం. మేపుల్ మిట్టను నిలబెడదామనుకున్నాం. ఆ కథ ఎలా తిరిగిందో తర్వాత చెప్తాను. అన్నీ మార్చేద్దాం అనే ఉత్సాహం, ఏదీ ముట్టుకోవద్దు అనే భక్తి, రెండూ ప్రమాదమే. నన్నడిగితే రెండోదే ఎక్కువ ప్రమాదం. ఎందుకంటే అది పని చేయకపోవడానికి మంచి పేరు.

4. సెంటు నాణెంతో గుబురు కొలిచి, తర్వాతే రంపం

ఎకరంలో ఎన్ని చెట్లున్నాయన్నది ముఖ్యం కాదు, వాటి మానుల అడ్డుకోత మొత్తం ఎంతన్నది ముఖ్యం. దీన్ని ఫారెస్టర్లు బేసల్ ఏరియా అంటారు. ఖరీదైన పరికరం అక్కర్లేదు. ఒక సెంటు నాణేన్ని కంటికి ఇరవై అయిదు అంగుళాల దూరంలో పట్టుకోండి. కొత్త సెంట్లు కొట్టడం 2025లో మానేశారు గానీ ప్రతి ఇంటి డ్రాయర్‌లోనూ ఇంకా డజన్లు ఉంటాయి. ఒక కన్ను మూసి, నిలబడ్డచోటే చుట్టూ తిరుగుతూ ఒక్కో చెట్టునీ ఛాతీ ఎత్తున చూడండి. నాణెం కన్నా మాను వెడల్పుగా కనిపిస్తే లెక్కలోకి తీసుకోండి, నాణెం వెనక దాక్కుంటే వదిలేయండి. వచ్చిన లెక్కని పదితో గుణిస్తే ఎకరానికి ఇన్ని చదరపు అడుగులని వస్తుంది. దూరం మారకుండా నేను నాణేన్ని తాడుకి అతికించి, తాడు రెండో కొసని పళ్ల మధ్య పట్టుకుంటాను. చూసేవాళ్లకి నవ్వొస్తుంది, పట్టించుకోకండి.

మా రెడ్ పైన్‌లో పదిహేడు చెట్లు లెక్కకొచ్చాయి, అంటే 170. అంత గుబురులో కరువొస్తే అన్నీ కలిసి దాహంతో ఉంటాయి, కింద వెలుగే పడదు. దాన్ని 100 దగ్గరికి దించాం. ఇక్కడ ఒక మెలిక ఉంది. ఉత్తర మిన్నెసోటాలోనే రెడ్ పైన్ మీద దశాబ్దాలుగా జరిగిన పరిశీలనల్లో, బాగా పలచన చేసిన తోటలు చిన్న వయసులో కరువుని బాగా తట్టుకున్నాయి. అవే ముదిరాక, ఖాళీలో పెరిగి కొమ్మలు బాగా విచ్చుకున్న చెట్లకి నీళ్ల అవసరం ఎక్కువై, వాటికే కరువు దెబ్బ గట్టిగా తగిలింది. కాబట్టి ఒక్కసారే మరీ పలచన చేయొద్దు. పదేళ్లకొకసారి కొంచెం కొంచెం.

ఏ చెట్టు తీయాలన్న దగ్గరే మోసాలు జరుగుతాయి. తలుపు తట్టి, ‘పద్నాలుగు అంగుళాలు దాటినవన్నీ తీసుకుంటాం, చెక్కు ఇప్పుడే ఇస్తాం’ అనేవాళ్లుంటారు. మంచి ధర పలికే చెట్లు పోయి, వంకరవీ జబ్బువీ మిగులుతాయి. తర్వాత విత్తనం ఇచ్చేవి కూడా అవే. మన దగ్గర మంచి గింజ అమ్ముకుని తాలు గింజ విత్తనానికి ఉంచుకునే రైతు ఉంటాడా? సొంతంగా ప్రాక్టీస్ చేసే ఫారెస్టర్‌ని పెట్టుకుని, తీయాల్సిన చెట్లకి ఆయన చేతే రంగు వేయించి, ముగ్గురు నలుగురు లాగర్ల దగ్గర సీల్డ్ బిడ్లు తీసుకోండి. ఆయన ఫీజు దాదాపు ఎప్పుడూ తిరిగొస్తుంది.

కాంట్రాక్టులో ఒక వాక్యం తప్పకుండా ఉండాలి: నేల గడ్డకట్టి ఉన్నప్పుడు, లేదా పూర్తిగా ఎండి ఉన్నప్పుడు మాత్రమే పని. మాకు మొదటిసారి ఆ వాక్యం లేదు. మార్చిలో మంచు కరుగుతుండగా యంత్రం దిగింది. ఆ గాడి ఇప్పటికీ మోకాలి లోతు ఉంది, అందులో కప్పలు గుడ్లు పెడుతున్నాయి. చలికాలాలు కురచబడుతున్నాయి కాబట్టి లాగర్‌కి ఒక్క సీజన్ గడువిస్తే టెన్షన్‌లో తడి నేల మీదకే దిగుతాడు. రెండు మూడు చలికాలాల గడువు ఇవ్వండి. ఓక్ చెట్లున్నచోట ఇంకో మాట: ఏప్రిల్ నుంచి జులై దాకా వాటికి గాయం చేయొద్దు, కొమ్మ కూడా కొట్టొద్దు. ఓక్ విల్ట్ అనే బూజు తెగులుని మోసే పురుగులు పచ్చి గాయం వాసనకే వస్తాయి.

ఆస్పెన్ సంగతి వేరు. దాన్ని పలచన చేస్తే లాభం లేదు. చలికాలంలో ఒక చోటున్న చెట్లన్నీ నరికితే వసంతంలో వేళ్ల నుంచి అరటి పిలకల్లా ఎకరానికి వేలల్లో లేస్తాయి. మేం పద్నాలుగు ఎకరాల్లో మూడెకరాలే అలా కొట్టి, అక్కడున్న ప్రతి ఓక్‌నీ, వైట్ పైన్‌నీ వదిలాం.

కొట్టినా అడవి నిలుస్తుందా అని అనుమానముంటే విస్కాన్సిన్‌లోని మెనామినీ అనే మూలవాసీ ప్రజల అడవికి వెళ్లి చూడండి. 1854లో వాళ్ల రిజర్వేషన్ (ఆ తెగకి కేటాయించిన భూభాగం) ఏర్పడినప్పటి నుంచి అందులో రెండు వందల కోట్ల బోర్డు అడుగులకు పైగా కలప తీశారు (అడుగు పొడవు, అడుగు వెడల్పు, అంగుళం మందం ఉన్న చెక్క ఒక బోర్డు అడుగు). అయినా అప్పటికన్నా ఇప్పుడు నిలబడి ఉన్న కలపే ఎక్కువ. ముసలివీ జబ్బువీ ముందు తీసి, మంచివి ముదరనివ్వడమే వాళ్ల పద్ధతి.

5. నాటేముందు ‘విత్తనం ఎక్కడిది?’ అని అడగండి

ఏ జాతి నాటాలన్నదాని గురించి అందరూ మాట్లాడతారు. అదే జాతిలో ఏ ఊరి విత్తనం అన్నది అంతే ముఖ్యం. ఉత్తరాన పెరిగిన రెడ్ ఓక్‌కీ, దక్షిణాన పెరిగిన రెడ్ ఓక్‌కీ నిద్రపోయే వేళ, లేచే వేళ వేరు. మేం మొదటి ఏడాది ఒక నర్సరీ నుంచి చవగ్గా వస్తున్నాయని రెండు వందల ఓక్ నారు తెచ్చాం. విత్తనం ఎక్కడిదో అడగలేదు, వాళ్లు చెప్పలేదు. సెప్టెంబరు చివర్లో చుట్టుపక్కల ఓక్‌లన్నీ ఎర్రబడుతుంటే మావి పచ్చగా, లేతగా, ముచ్చటగా ఉన్నాయి. మొదటి గట్టి మంచుకే కొసలన్నీ నల్లబడ్డాయి. చాలా దూరపు దక్షిణం నుంచి వచ్చిన విత్తనమని అప్పుడర్థమైంది.

వాతావరణం ఉత్తరానికి జరుగుతోంది కదా అని విత్తనాన్ని ఎంతో దూరం నుంచి తేకూడదు. ఒక సీడ్ జోన్ (ఒకేలాంటి వాతావరణం ఉన్న ప్రాంతమని విత్తనాల కోసం గీసిన హద్దు) దక్షిణం చాలు, అది కూడా మొత్తంగా వద్దు. మేం ఇప్పుడు సగం స్థానిక విత్తనం, సగం దక్షిణపు జోన్ విత్తనం కలిపి నాటుతున్నాం. ఏది గెలిచినా ఏదో ఒకటి ఉంటుంది. జాతుల్లో ఇసుక మీద బర్ ఓక్, వైట్ పైన్, కొంచెం మంచి నేలలో రెడ్ ఓక్. రెడ్ మేపుల్‌ని నాటక్కర్లేదు, అది పిలవకుండానే వస్తుంది.

మంచు కరిగిన వెంటనే, ఏప్రిల్ చివర నుంచి మే మధ్య దాకా నాటే కాలం. నారు మట్టి లేకుండా ఉత్త వేళ్లతో వస్తుంది. పది నిమిషాలు ఎండ, గాలి తగిలితే ఆ వేళ్లు చచ్చినట్టే, పైకి మాత్రం వారం దాకా తెలియదు. తడి గోనెలో ఉంచి ఒక్కోటే తీయండి. నాటే గడ్డపారతో నిలువుగా గుంట చేసి, వేళ్లని లోతుగా దించి కొంచెం పైకి లాగితే వేళ్లు తిన్నగా పడతాయి. వేళ్ల కొస పైకి మడత పడితే ఆ మొక్క రెండేళ్లు బతికినట్టు నటించి మూడో ఏడు పోతుంది. మడమతో గట్టిగా తొక్కాక రెండు ఆకులు పట్టుకుని లాగి చూడండి. ఆకులు తెగాలి గానీ మొక్క కదలకూడదు.

ఎనిమిదడుగులకొకటి చొప్పున నాటితే ఎకరానికి 680 పడతాయని పుస్తకాల్లో ఉంటుంది. పొలంలో వరసలకి అది సరే. అడవిలో సందులు చూసుకుని వెలుగు పడేచోట గుంపులుగా నాటండి. ఎన్ని నాటాలంటే, ఎన్నింటిని కాపాడగలరో అన్ని. అక్కడే అందరం బోల్తా పడతాం.

6. జింక: అసలు పోరాటం ఇదే

మీరు నాటింది జింకకి పెట్టిన విస్తరి అనుకోండి. చలికాలంలో మంచు పైకి తేలిన పచ్చని కొస ఏదైనా అది తినేస్తుంది. వైట్ పైన్, వైట్ సీడర్, ఓక్, మేపుల్ అంటే దానికి ప్రాణం. స్ప్రూస్, బాల్సం ఫర్ జోలికి పెద్దగా పోదు. అందుకే ఏమీ చేయకపోతే అడవి కింద ఫరే మిగులుతుంది. అంటే వేడిని అసలు తట్టుకోలేని చెట్టునే జింక ఎంచి మరీ మనకి వదిలిపెడుతోంది. చలి తగ్గి, మంచు పలచబడేకొద్దీ ఎక్కువ జింకలు చలికాలం దాటి బతుకుతాయి కూడా.

వైట్ పైన్‌కి ఉత్తరాదివాళ్ల విరుగుడు ఒక కాగితం ముక్క, ఒక స్టాప్లర్. దీన్ని బడ్ క్యాప్ అంటారు. అక్టోబరులో, మంచు పడకముందు చేయాలి. ప్రింటర్ కాగితాన్ని నాలుగంగుళాలు వెడల్పు, ఆరంగుళాలు పొడవు వచ్చేలా కోసుకోండి. మొక్క నడినెత్తిన ఉండే కొస మొగ్గ చుట్టూ, సూదుల్లాంటి ఆకులన్నిటినీ పైకి దువ్వి, కాగితాన్ని నిలువుగా మడిచి పెట్టండి. కాగితం పై అంచు మొగ్గ కన్నా కొంచెం ఎత్తులో ఉండాలి, పైభాగం మూసుకుపోకూడదు. ఇప్పుడు రెండు మూడు పిన్నులు కొట్టండి. ఒక్కో పిన్నూ కొన్ని ఆకుల్ని కూడా కలిపి పట్టాలి, లేకపోతే మొదటి గాలికే కాగితం ఎగిరిపోతుంది. మొగ్గకి మాత్రం పిన్ను తగలకూడదు. వసంతంలో కొత్త కొస ఆ కాగితంలోంచి తనంతట తనే పైకి వచ్చేస్తుంది, తీయక్కర్లేదు. మళ్లీ అక్టోబరుకి కొత్త కాగితం. కొస జింక మూతికి అందనంత, అంటే ఇంచుమించు మనిషి ఎత్తుకి వచ్చేదాకా ఏటా ఇదే పని.

మంచు పడ్డాక చూస్తే అడవిలో వందల మొక్కలు తెల్ల కాగితపు టోపీలు పెట్టుకున్నట్టుంటాయి. మా అమ్మాయి స్కూలు వర్క్‌షీట్లన్నీ దీనికే పోతాయి. ఒక పైన్ చెట్టు నెత్తిన భిన్నాల లెక్క, ఇంకోదాని నెత్తిన స్పెల్లింగ్ టెస్ట్. అలవాటైతే గంటకి యాభై అరవై చేయొచ్చు.

ఓక్‌కి కాగితం పనిచేయదు. దానికి తీగ కంచె గొట్టం కావాలి, అయిదడుగుల ఎత్తు, రెండు కర్రలు. ఒక్కోదానికి నాలుగైదు డాలర్ల పైనే అవుతుంది. అందుకే వంద ఓక్‌లు నాటి కంచె కడతాం గానీ అయిదు వందలు నాటి వదిలేయం. నవంబరులో వేటాడేవాళ్లని రానివ్వండి. ఈ మాట మన వాళ్లలో చాలామందికి ఇబ్బందిగా ఉంటుందని తెలుసు, నాకూ ఉండేది. ఒక చలికాలంలో నూటయాభై మొక్కల కొసలు పోయాక పోయింది.

వైట్ పైన్ గురించి ఇంకొక్క మాట. పూర్తి ఎండలో నాటితే వీవిల్ పురుగు నడి కొసని తొలిచేస్తుంది, కొంచెం నీడలో నాటండి. చెట్టు ఎదిగేకొద్దీ కింది కొమ్మలు తీసేస్తూ పోతే బ్లిస్టర్ రస్ట్ తెగులు మానుకి చేరే దారి తగ్గుతుంది. ఎప్పుడూ సగం ఎత్తుకి తక్కువ కాకుండా పచ్చదనం మిగలాలి.

7. తడి నేల: తొందరపడితే చెరువవుతుంది

మిన్నెసోటాలో దాదాపు వంద కోట్ల యాష్ చెట్లున్నాయి. 2002లో డెట్రాయిట్ దగ్గర బయటపడిన ఎమరాల్డ్ యాష్ బోరర్ అనే విదేశీ పచ్చ పురుగు 2009లో సెయింట్ పాల్ చేరింది. సోకినచోట యాష్‌లో దాదాపు ఏదీ మిగలదు. గట్టి చలి దాన్ని ఇన్నాళ్లూ ఉత్తరాన కొంత ఆపింది, ఆ కాపలా సడలుతోంది. బ్లాక్ యాష్ పోవడమంటే కలప పోవడం మాత్రమే కాదు. ఇక్కడి మూలవాసులైన ఒజిబ్వే ప్రజలు తరతరాలుగా బుట్టలు అల్లేది దాని మాను నుంచి తీసిన బద్దలతోనే.

చచ్చేలోపు అమ్మేసుకుందామని అందరికీ అనిపిస్తుంది. ఆగండి. ఊబిలో యాష్ చెట్లు ఒక మోటారు పంపులాంటివి. ఎండాకాలమంతా నీళ్లు తోడి గాల్లోకి వదులుతాయి. అన్నీ ఒకేసారి పోతే నీటిమట్టం పైకి లేచి, జమ్ము, గడ్డి, ఆల్డర్ పొద పట్టేస్తుంది. తర్వాత ఏ చెట్టూ మొలవదు. అందుకే చిన్న చిన్న గుంపులుగా, చలికాలంలో మాత్రమే తీయాలి. మిగతా యాష్ ఇంకా నిలబడి నీళ్లు తోడుతుండగానే వాటి నీడన కొత్తవి నాటాలి. స్వాంప్ వైట్ ఓక్, సిల్వర్ మేపుల్, తెగులు తట్టుకునే ఎల్మ్, వైట్ సీడర్. నీళ్లలో కాదు, గడ్డలుగా లేచిన మిట్టల మీద. మా ఏడెకరాల్లో అయిదేళ్లకి నూట ఇరవై మొక్కలు పెడితే స్వాంప్ వైట్ ఓక్ అన్నిటికన్నా బాగా ఉంది.

టామరాక్‌కి శత్రువు బయటివాడు కాదు. ఈస్టర్న్ లార్చ్ బీటిల్ ఇక్కడి పురుగే. ఎండాకాలం పొడుగవడంతో ఏడాదికి రెండు కాన్పులు కంటోంది. 2000ల మొదట్లో మొదలైన ఆ దాడి ఇంకా ఆగలేదు. దానికి మనం చేయగలిగింది తక్కువ.

కట్టెల విషయంలో మాత్రం మొహమాటం వద్దు. క్యాంపు మంటకని మినియాపోలిస్ నుంచి కారు డిక్కీలో కట్టెలు తెచ్చే అతిథిని గేటు దగ్గరే ఆపండి. పురుగులు కారులోనే ప్రయాణిస్తాయి. కాల్చేచోటే కొనుక్కోవాలి.

8. వానపాము మనకు నేస్తం, ఈ అడవికి కాదు

మేపుల్ మిట్ట కథ చెప్తానన్నాను. వెలుగు ఉంది, విత్తనం వేలల్లో రాలుతోంది, ఒక్క పిల్ల నిలవదు. జింకలేమో అనుకుని కంచె కట్టాం. కంచె లోపలా అంతే. చివరికి ఒక ఫారెస్టర్ చెప్పు కాలితో నేల గీకి, ‘ఆకులేవి?’ అని అడిగారు. షుగర్ మేపుల్ అడవి నేల మీద అరచేతి మందాన మగ్గిన ఆకుల పరుపు ఉండాలి. మాకు నల్లటి ఉత్త మట్టి.

పది పన్నెండు వేల ఏళ్ల కిందటి దాకా ఈ నేలంతా మంచు పలకల కింద ఉండేది. ఆ తర్వాత పెరిగిన అడవిలో వానపాము అన్నదే లేదు. యూరప్ నుంచి వలస వచ్చినవాళ్లతో, చేపలు పట్టేవాళ్లు పారేసిన ఎరతో వచ్చింది. ఏళ్ల తరబడి మగ్గాల్సిన ఆకుల పరుపుని ఒకట్రెండు ఏళ్లలో తినేస్తుంది. ఆ పరుపులో మొలవడానికి అలవాటుపడ్డ మేపుల్ విత్తనం ఉత్త మట్టి మీద ఎండిపోతుంది. రైతు నేస్తమని చదువుకున్న మనకి ఇది మింగుడుపడదు. నాన్నకైతే ఇప్పటికీ పడలేదు.

మీ దగ్గర ఉన్నాయో లేదో తేల్చడానికి పసుపు ఆవపిండి చాలు. మూడో వంతు కప్పు పిండిని గాలన్ నీళ్లలో కలిపి, ఆకులు తోసేసిన చదరపు అడుగు నేల మీద మెల్లగా పోయండి. నిమిషంలో ఘాటుకి వానపాములు పైకొచ్చేస్తాయి. ఆవకాయకని దాచిన డబ్బా అడవికి తీసుకెళ్తుంటే మా ఆవిడ చూసిన చూపు వేరు. మేం పోసినచోట పద్నాలుగు వచ్చాయి.

విరుగుడు లేదు. లేనిచోటికి పోకుండా చూడటమే: బూట్లు, టైర్ల మట్టి కడగాలి, ఎర మిగిలితే చెత్తబుట్టలోనే వేయాలి, బయటి మట్టి, కంపోస్టు తేకూడదు. మేం మాత్రం మేపుల్‌ని నిలబెట్టే ఆలోచన సగం వదులుకుని, ఆ మిట్టలో రెడ్ ఓక్, బాస్‌వుడ్ వైపు మళ్లాం.

బయటి నుంచి వచ్చి అడవిని ఆక్రమించే బక్‌థార్న్ పొద ఉంటే దాన్ని పట్టే కాలం అక్టోబరు చివర. అన్ని ఆకులూ రాలిపోయాక అదొక్కటే పచ్చగా నిలబడి దొరికిపోతుంది. మొదలుకి కోసి, కోసిన మోడు మీద వెంటనే కలుపుమందు పూయండి. పూయకపోతే ఒకటికి పది లేస్తాయి.

9. క్యాబిన్ చుట్టూ

బడ్‌వర్మ్ అనే పురుగు ఏళ్ల తరబడి లేత చిగుళ్లు తినడంతో బాల్సం ఫర్‌లు నిలువునా ఎండి ఉన్నాయి. 2025 మేలో మిన్నెసోటా ఈశాన్యంలోని బ్రిమ్సన్ దగ్గర చెలరేగిన క్యాంప్ హౌస్ అనే కార్చిచ్చుకి ఇంధనం ఎక్కువగా అవే. 12 వేల ఎకరాలకు పైగా కాలి, వందకు పైగా కట్టడాలు బూడిదయ్యాయి. కాబట్టి మీ ఫారెస్టర్ ప్లాన్ ఎంత గొప్పదైనా ముందు ఇంటి చుట్టూ చూడండి. గోడని ఆనుకుని అయిదడుగుల లోపు కాలేది ఏదీ ఉండకూడదు. ముప్ఫై అడుగుల లోపు ఫర్ చెట్లు తీసేయండి, మిగిలిన చెట్ల కింది కొమ్మలు కొట్టండి. వరండా కింద కట్టెల మోపు పెట్టే అలవాటు మానండి. ఫైరింజన్ తిరగడానికి దారి వెడల్పుందో లేదో ఎండాకాలం రాకముందే కొలవండి.

10. డబ్బు, నోటుబుక్కు

ఇరవై ఎకరాలు, ఆపైన ఉంటే, ఆమోదం పొందిన ఫారెస్ట్ స్టీవార్డ్‌షిప్ ప్లాన్, అంటే మీ అడవిని ఎలా చూసుకోవాలో చెప్పే ప్రణాళిక, రాయించుకోండి. మిన్నెసోటాలో దాని మీద సిఫియా (SFIA) పథకం కింద ఎకరానికింతని ఏటా ఇస్తారు. విస్కాన్సిన్‌లో ఆస్తిపన్ను తగ్గించే మేనేజ్డ్ ఫారెస్ట్ లా ఉంది. నాటడానికి, కంచెలకి, బక్‌థార్న్ తీయడానికి కేంద్రంవాళ్ల ఈక్విప్ (EQIP) పథకంలో కొంత ఖర్చు తిరిగొస్తుంది. కాని దరఖాస్తు ముందు, పని తర్వాత. పని చేసేసి వెళ్తే ఏమీ రాదు.

ఒక నోటుబుక్కు పెట్టండి, ఫోన్ కాదు, కాగితం. ఏ ముక్కలో ఏం నాటారు, ఎక్కడి విత్తనం, ఏ తేదీ, ఎన్ని చచ్చాయి. చచ్చినవి రాయడానికి మనసొప్పదు, అయినా అవే ఎక్కువ పనికొస్తాయి. మే నెలలో ఏటా అవే ఇరవై వలయాల్లో పిల్లల్ని లెక్కపెట్టండి.

మొన్న మేలో లెక్క పెట్టి నాన్నకి వీడియో కాల్ చేశాను. ఇరవైలో తొమ్మిదింట్లో పిల్లలున్నాయని, ఒకదాంట్లో నాటకుండానే మొలిచిన ఓక్ కూడా ఉందని చూపించాను. ఆయన కళ్లజోడు సవరించుకుని కాసేపు చూశారు.

‘మరి ఆ పదకొండూ ఎక్కడెక్కడో రాసుకున్నావా?’

రాసుకున్నాను. ఆరు మేపుల్ మిట్టలోవి, మూడు జింకల దారి పక్కవి, రెండు మాత్రం ఎందుకో అంతుపట్టలేదు. అక్టోబరులో స్టాప్లర్ తీసుకుని వెళ్లినప్పుడు ముందు ఆ రెంటి దగ్గరికే పోవాలి.